టీచరమ్మ పాడవలసిన సాయంత్రం

ఆ రోజుల్లో నాకు పెద్దవాళ్ళంటే భయం, మైకంటే అంతకన్నా భయం. ఆ రెండు భయాలనూ ఒకే వేదిక మీద కలిపి నా చేతికిచ్చిన ఘనత మా తెలుగు సంఘం ప్రెసిడెంట్ అంకుల్‌ది. నేను సింగపూర్ వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. పాయా లేబర్ అనే పేటలో ఉద్యోగం, వుడ్‌ల్యాండ్స్‌లో తోటి అమ్మాయిలతో కలిసి ఉండే ఫ్లాట్, ఆదివారం వస్తే ఇంటి భోజనానికి ఎవరు పిలిచినా వెళ్ళిపోయే బలహీనత. అలా ఒక ఆదివారం పుంగ్గోల్‌లో ఆయన ఇంట్లో గోంగూర పచ్చడి కలుపుకుంటుంటే, "మన వార్షికోత్సవానికి యాంకరింగ్ నువ్వే చేస్తన్నావమ్మా" అన్నారు. నోట్లో ముద్ద ఉన్నవాళ్ళు కాదనలేరని ఆయనకు అనుభవం మీద తెలుసు.

ముఖ్య అతిథిగా రావలసిన కవిగారు ఆఖరి వారంలో రాలేనన్నారు. అంకుల్ ఒక పూటంతా దిగులుపడి, ఆ తర్వాత ఎదురు ఫ్లాట్ తలుపు కొట్టారు. అక్కడ ఉండేది ఒక శ్రీలంక కుటుంబం. ఆ ఇంటావిడ తల్లి అప్పుడే కొలంబో నుంచి కూతుర్ని చూడడానికి వచ్చి ఉన్నారు. ఆవిడ సింహళ సాహిత్యంలో పండితురాలు. వాళ్ళ విశ్వవిద్యాలయంలో ఆ శాఖలో పాఠం చెప్పిన తొలి మహిళ. నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ ఆడవాళ్ళు పాడుకునే పద్యాలను ఊరూరా తిరిగి రాసుకుని, ఇది కూడా సాహిత్యమేనని తోటి పండితులతో జీవితమంతా పోట్లాడిన మనిషి. అంకుల్‌కి ఇందులో 'పండితురాలు' అన్న మాట ఒక్కటే చాలింది. "పక్క దేశమే కదమ్మా, మనాళ్ళ కిందే లెక్క" అని తేల్చేశారు.

పరిచయం రాసుకోవడానికి నేను టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను (ఆ పేరు మేమే పెట్టుకున్నాం, ఆవిడకు తెలిశాక ముచ్చటపడింది). చిన్న మనిషి, తెల్ల చీర, వెనక బెంచీదాకా వినపడే గొంతు. ఇంగ్లిషులోనే మాట్లాడుకున్నాం. తను సేకరించిన పాటలు మొదటిసారి పండితుల సభకెక్కిన రోజున వాటిని చదివింది తన ప్రొఫెసరట. ఆడపిల్ల వేదికెక్కి పొలం పాటలు పాడితే బాగుండదన్నారట. "నేను కింద కూచుని విన్నాను. ఆయన వార్తల్లా చదివారు" అంది. ఆ తర్వాత ఆవిడ పుస్తకాలు రాసింది, ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే ప్రొఫెసర్లయ్యారు. కానీ ఆ పాటలను వాటి రాగంలో జనం ముందు ఒక్కసారీ పాడలేదు. పాడితే తనను పండితురాలిగా చూడక 'పాటల పిల్ల' అంటారని బిగబట్టుకుంది. "ఇక్కడ నన్నెవరూ ఎరగరు. అందుకని మీ సభలో పాడతాను" అంది. తలుపు దాకా వచ్చిన కూతురు మాత్రం నాతో మెల్లగా చెప్పింది, అమ్మ తిరిగి వెళ్ళగానే గొంతుకు ఆపరేషన్ ఉందనీ, ఆ తర్వాత పాట సంగతి డాక్టర్లు చెప్పలేమన్నారనీ. ట్రైన్‌లో ఇంటికి వెళ్తున్నంతసేపూ నాకు ఇంకేమీ తోచలేదు.

సభ రోజు వచ్చింది. కమ్యూనిటీ హాలు మాకు ఆరింటి వరకే ఇచ్చారు, ఆరు దాటితే జుంబా డాన్సు క్లాసు వాళ్ళది. మన సభల సంగతి మీకు తెలియనిది కాదు. జ్యోతి ప్రజ్వలన (పొగ అలారం మోగుతుందని కరెంటు దీపంతోనే), పిల్లల శ్లోకాలు, ఆ పైన వక్తలు. అతిథి గురించి అందరూ మాట్లాడాక గానీ అతిథి మాట్లాడకూడదు, అది మన మర్యాద. ప్రతి ఒక్కరూ "సమయాభావం వల్ల రెండే రెండు మాటలు" అంటూనే మొదలుపెట్టారు. ఒకాయన అమరావతి నుంచి బౌద్ధాన్ని ఓడెక్కించారు. ఇంకొకాయన లంక పేరు వినగానే హనుమంతుణ్ణి సముద్రం మీదికి ఎగరేసి, తిరిగి తీసుకురావడం మర్చిపోయి కూచున్నారు. చివరికి అధ్యక్షోపన్యాసానికి ప్రెసిడెంట్ అంకుల్ లేచేసరికి గోడ గడియారం వైపు చూడాలంటే నాకు భయం వేసింది.

చీటీ పంపాను. ఆయన దాన్ని విప్పి, చదివి, "మా యాంకరమ్మ టైమ్ గుర్తు చేస్తోంది, ఈ తరం పిల్లల క్రమశిక్షణ చూస్తే ముచ్చటేస్తది" అని, కాలం విలువ గురించి ఇంకొంతసేపు మాట్లాడారు. అప్పటికే తలుపు దగ్గర జుంబా ఆడవాళ్ళు నీళ్ళ సీసాలతో నిలబడ్డారు. హాలు చూసుకునే అంకుల్ తాళాలు ఆడిస్తూ నా దగ్గరికొచ్చి, సింగపూర్ ఇంగ్లిషులో, "మిస్, టైమ్ ఆల్రెడీ లా. ఐ మస్ట్ క్లోజ్" అన్నాడు. వేదిక మీద టీచరమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూచుని ఉంది. పెదవులు కదులుతున్నాయి, లోలోపలే పాడుకుంటోంది. ఆవిడ ముఖంలో విసుగు లేదు, బాగా అలవాటైన ఓపిక ఉంది. అది చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

టీచరమ్మకు కప్పవలసిన శాలువా నా పక్కనే పళ్ళెంలో ఉంది. మన సభల్లో ఎంతటి వక్తనైనా ఆపగలిగేది అదొక్కటే. శాలువా మడత విప్పితే చాలు, ఎక్కడి వాక్యం అక్కడ ఆగుతుంది, జనం చప్పట్లు కొడతారు, మైకు యాంకర్ చేతికొస్తుంది. ముందు వరుసలో ఉన్న ప్రెసిడెంట్ ఆంటీ వైపు చూశాను. నా చూపు పళ్ళెం మీది నుంచి అంకుల్ మీదికి పోవడం ఆవిడ గమనించింది. "కానియ్ తల్లీ. పెళ్ళైన కాణ్ణుంచీ నా వల్ల కాలా, నువ్వన్నా ఆపు" అంది. వెనకనుంచి వెళ్ళి, అంకుల్ ఉపన్యాసం సరిగ్గా బుద్ధుడి దగ్గరికి వస్తుండగా, ఆయన భుజాల మీద శాలువా కప్పేశాను. "సంఘానికి ఇంత సేవ చేస్తున్న మన అధ్యక్షులవారిని ఈ శుభసందర్భంలో..." అని మైకులో ఏదో అన్నాను. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఫోన్లన్నీ పైకి లేచాయి. "నాకెందుకమ్మా ఇయ్యన్నీ" అంటూ ఆయన కళ్ళు తుడుచుకున్నారు. పాపం, నిజమనుకున్నారు.

నేను టీచరమ్మ చెయ్యి పట్టుకుని లేపాను. ఆవిడ మైకు వద్దంది. ఉపోద్ఘాతం లేదు, నమస్కారం కూడా లేదు, నేరుగా పాట ఎత్తుకుంది. ఒక్క మాటా అర్థం కాలేదు. కానీ నడుం వంచి నారు గుచ్చుతూ, ఒక అడుగు వెనక్కి వేస్తూ పాడే పాటని తెలుస్తూనే ఉంది. హాలు అంకుల్ ఏసీ ఆపేశాడు, లైట్ల దగ్గరికి వెళ్ళాడు, స్విచ్చు మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. జుంబా ఆడవాళ్ళు చెప్పులు చేత పట్టుకుని లోపలికొచ్చి గోడవారన కూచున్నారు. "మా చేలోనూ రాగం ఇట్టాగే లాగేవాళ్ళు" అంది ప్రెసిడెంట్ ఆంటీ.

టాక్సీ కోసం నిలబడ్డప్పుడు టీచరమ్మ అడిగింది, "ఆ శాలువా నాదే కదూ?" తల దించుకున్నాను. ఆవిడ పకపకా నవ్వింది. "ఆ రోజు నాకీ ఉపాయం తోచి ఉంటే, మా ప్రొఫెసరుకి మొదటి పద్యం దగ్గరే కప్పేసేదాన్ని" అంది.

ఆపరేషన్ తర్వాత ఆవిడ గొంతు మాటకు మిగిలింది, పాటకు మిగల్లేదు. ఆ సాయంత్రం పాటని ఎవరూ రికార్డు చేయలేదు. అంకుల్ సన్మానం వీడియో మాత్రం వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతోంది. అందులో ఆయన వెనక చీర కుచ్చిళ్ళు జారిపోతుంటే పట్టుకుని నిలబడ్డ బక్కపిల్లను చూస్తే నవ్వొస్తుంది. అంత తెగింపు ఇప్పుడు నాలో లేదు. ఆ రాగం ఎప్పుడైనా కూనిరాగంగా తీద్దామని చూస్తాను, మొదటి మెలిక దాకా వచ్చి ఆగిపోతుంది. "దెన్ వాట్, అమ్మా?" అంటుంది మా అమ్మాయి. ఆ పైన నాకు రాదని చెప్తాను.