నొప్పి లేదన్న మా అవ్వ చెయ్యి

మా చిన్నప్పుడు... శాలిబండలో మా ఇంటి వెనక కొట్టంలో, తెలతెలవారుతుండగా బాపు చీర కట్టుకుని నిలబడ్డాడు. మా అవ్వ చీర. మీసాలను మాత్రం ఏం చేయాలో తెలియలేదు పాపం...

అవ్వ అంటే మా అమ్మే, బాపు అంటే నాన్న. మేం అట్లాగే పిలిచేవాళ్ళం. నిజాం జమానా అది. మాది పాలమ్ముకునే ఇల్లు. ఉన్న బర్రెల్లో గౌరికి పాలెక్కువ, పొగరు ఇంకా ఎక్కువ. పొదుగు నిండా పాలున్నా అవ్వ చెయ్యి పడితే తప్ప చుక్క వదలదు. ఆ వానాకాలంలో పేడతో తడిసిన షాబాదు బండ మీద జారిపడి అవ్వ కుడి మణికట్టు విరిగింది. అందుకే బాపుకి ఆ వేషం... చీర వాసన చూసి అవ్వే అనుకుంటుందని.

గౌరి వాసన చూసింది. బకెట్ తన్నింది.

పక్కింటి నర్సింగు గోడ మీదనుంచి తొంగి చూశాడు. "మల్లన్నా, కొత్త పెండ్లాం ఎప్పుడొచ్చిందే ఇంట్లకు?"

అవ్వ కట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. బాపు నవ్వలేదు. "పాలన్ని దూడకే పోతున్నయ్. యాకుత్‌పురా ఆయన గౌరిని కొంటనని అడుగుతుండు. దసరా దాకా చూస్త. నీ చెయ్యి మంచిగ కాకపోతే ఇచ్చేస్త."

"నా చెయ్యి ఏడికి పోలే. దాన్ని ఎవ్వరికి ఇయ్యనియ్య."

తాలీంఖానాలో కుస్తీ నేర్పే పహిల్వాన్ ఎముక కూర్చోబెట్టి, గుడ్డుసొన పూసి, వెదురు బద్దలతో కట్టు కట్టాడు. ఎముక అతికింది. కానీ కట్టు విప్పేసరికి చెయ్యి కట్టెలా బిగుసుకుపోయింది. బొటనవేలు మడవదు. పిడికిలి బిగించందే పాలు పిండేదెట్లా?

అప్పుడు గల్లీ చివరి హుసేన్‌బీని పిలిచారు. బాలింతలకు, బెణుకులకు ఆమే మాలిష్ చేసేది. అవ్వ ఆమెను అక్కా అన్నట్టు 'ఆపా' అని పిలిచేది. మొదటి సాయంత్రం అవ్వ ఎంతో గౌరవంగా గిన్నెడు వెన్న తెచ్చి ముందు పెట్టింది.

"అరె, మస్కా నక్కో! చెయ్యి జారిపోతది, పట్టు దొరకది. పాలోళ్ళకు అన్నిటికి వెన్ననే మందు! నువ్వుల నూనె తే."

నూనె గోరువెచ్చగా కాచి, మోచేతి నుంచి కిందికి బొటనవేళ్ళతో ఒత్తుకుంటూ వచ్చేది. గట్టిపడ్డ చోట ఆగేది. ఆఖరున ఉప్పు మూటతో కాపడం. మధ్యమధ్య అడిగేది, "దర్ద్ ఉందా?"

"లేదు ఆపా. ఇంకా గట్టిగ ఒత్తు."

రోజూ అదే మాట. పళ్ళు బిగించి మరీ చెప్పేది.

ఒక పొద్దున లేచేసరికి మణికట్టు పొంగిన రొట్టెలా వాచి ఉంది. బాపు చెప్పులు తొడుక్కున్నాడు, యాకుత్‌పురా పోయి మాటిచ్చి వద్దామని. అవ్వ గడపకు అడ్డంగా నిలబడింది. "దసరా ఇంకా రాలే. నువ్వన్న మాటే కదా!"

బాపు చెప్పులు విడిచాడు.

సాయంత్రం హుసేన్‌బీ ఆ వాపు చూసి భగ్గుమంది. "రోజు లేదు లేదు అంటివి! నువ్వు నోటికి తాళమేస్తే నా వేళ్ళకు ఎట్ల తెలుస్తది? పాలు దాచుకునుడు గౌరి నీ దగ్గరనే నేర్చుకుందా ఏంది?"

అవ్వ తల దించుకుంది. "నొప్పి అంటే ఆపేస్తవని..."

"కైకు ఆపుత? జాగ మారుస్త. పట్టు మారుస్త. చెప్పు నాకు!"

వాపు తీసేదాకా కాపడమే పెట్టారు. మళ్ళీ మాలిష్ మొదలైననాడు అవ్వ నోరు తెరిచింది. "ఇక్కడ సలుపు... ఇక్కడ తీపు... అబ్బ, ఇది పోటు!"

సలుపు అంటే హుసేన్‌బీ ఒత్తడం మాని వెచ్చని అరచేత్తో కప్పేది. తీపు అంటే నిదానంగా సాగదీసేది. పోటు అంటే ఆ చోటు ముట్టకుండా చుట్టూ తిరిగి వచ్చేది. "గుంజుతుంది ఆపా" అంటే మాత్రం, "షాబాష్! ఇదే కావాలె" అని వేలు ఇంకొంచెం వంచేది.

బడిలో నా చదువు ఉర్దూలో. తెలుగు అక్షరాలు మా కాక దగ్గర అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాను. చెవిన పడ్డ ప్రతి మాటా రాసి చూసుకోవాలని ఒకటే ఆరాటం... ఒక్క నొప్పికి ఇన్ని మాటలా! పక్కనే కూర్చుని పలక మీద రాస్తుంటే అవ్వ అడిగింది, "ఏం రాస్తున్నవే?"

"నీ నొప్పులు."

"రాయి బిడ్డా. పోయింది పోయినట్టు తుడిపేద్దాం."

ముందు పోటు తుడిపేశాం. తర్వాత సలుపు...

దసరా ఇంకా రాకముందే, ఒక తెల్లవారుజామున అవ్వ గౌరి పక్కన కూర్చుంది. బాపు పలుపు పట్టుకున్నాడు. అవ్వ పొదుగు కడిగి, పిడికిలి బిగించి లాగింది. ఏమీ రాలేదు. గౌరి మెడ తిప్పి చూసింది. అవ్వ దాని పొట్టకు తల ఆనించి మళ్ళీ లాగింది. బకెట్ అడుగున సర్రుమని మొదటి ధార!

అవ్వ ముఖం ముడుచుకుంది. బాపు కంగారుపడ్డాడు. "ఏమైంది? ఆపు, ఆపు..."

"తీపే. పోటు కాదు" అంది అవ్వ. చెయ్యి ఆపలేదు. నురగ పైకొచ్చేదాకా పిండింది.

బాపు మళ్ళీ చెప్పులు తొడుక్కున్నాడు. "ఆయనకు చెప్పొస్త, ఇంకో బర్రెను చూస్కొమ్మని."

మొన్న నా భుజం నొప్పికి సూదుల వైద్యం చేయించుకోవడానికి వెళ్ళాను. డాక్టరమ్మాయి నెమ్మదస్తురాలు. సన్నటి సూదులు గుచ్చేముందు, నొప్పి పదికి ఎంత ఉందమ్మా అని అడిగింది. ఏడు అన్నాను. కంప్యూటర్‌లో ఎక్కించింది. నొప్పి తగ్గింది కూడా, అబద్ధం ఎందుకు...

ఇంటికొచ్చాక మనవరాలు ఎలా ఉందని అడిగితే, "సలుపు పోయింది, తీపు మిగిలింది" అన్నాను. తీపంటే ఏంటి అంది. ఎంత ఆలోచించినా దానికి ఇంకో మాట దొరకలేదు నాకు...

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు నొప్పిని ఏమేం పేర్లతో పిలిచేవారు? గుర్తున్నంత మటుకు ఇక్కడ రాయండి... ఆ మాటలు అనేవాళ్ళు ఇంకా ఉండగానే.