వాకర్‌తో వరస కలపబోయిన సంగతి

1997 మార్చిలో నన్ను కువైట్‌లోని అర్దియాలో ఒక గిడ్డంగి కట్టే పనికి సైట్ ఇంజనీరుగా వేశారు. మేం కాంట్రాక్టరు మనుషులం. మా పనిని తనిఖీ చేయడానికి కన్సల్టెంట్ తరఫున రెసిడెంట్ ఇంజనీరు ఉండేవాడు, వాకర్ అనే ఇంగ్లిషాయన. స్లాబ్‌కి ఇనుము కట్టాక ఆయన చూసి సంతకం పెడితే తప్ప తట్టెడు కాంక్రీటు పోయడానికి లేదు. అప్పటికే ఒకసారి తిప్పికొట్టాడు. గురువారం స్లాబ్ పడకపోతే నా ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్, రెన్యూ చేయించనని మా ప్రాజెక్ట్ మేనేజర్ చెప్పేశాడు. ఆయన మాట తప్పే మనిషి కాదు, ముఖ్యంగా ఇలాంటి మాటలు.

ఫోర్‌మన్ సత్తిబాబుది అమలాపురం వైపు. "మనోళ్లయితే ఇంటిపేరడిగి ఏదో వరస కలిపేద్దుమండి. ఈ దొరతో ఏం కలుపుతామండీ?" అన్నాడు.

నాకది సాంకేతిక సలహాలా తోచింది. మా ఫ్లాట్‌లో అంతకుముందున్నవాళ్లు వదిలేసిపోయిన ఇంగ్లిషు ఇంటిపేర్ల పుస్తకం ఒకటుంది. శ్రద్ధగా చదివాను. కాంక్రీటు కోడ్ అంత శ్రద్ధగా ఎన్నడూ చదవలేదు.

గురువారం పొద్దున వాకర్ రాగానే మొదలుపెట్టాను. మీ ఇంటిపేరుకీ షికారుకీ సంబంధం లేదన్నాను. నేసిన ఉన్నిబట్టను తొట్టిలో వేసి, కాళ్లతో తొక్కి దళసరి చేసే వృత్తివాళ్ల పేరది. ఇంగ్లండు ఉత్తరాన వాకర్, నైరుతిలో టకర్, ఆగ్నేయంలో ఫుల్లర్, పని ఒకటే. ఆయన ముఖం ప్రసన్నంగానే ఉంది. అక్కడ ఆగే తెలివే ఉంటే నేను చీఫ్ ఇంజనీరుగా రిటైరయ్యేవాణ్ని. ఉన్ని జిడ్డు వదలడానికి తొట్టిలో పులిసిన మూత్రం పోసేవారని కూడా చెప్పాను.

ఆ భాగం మా తాత చెప్పలేదే అన్నాడు వాకర్. తర్వాత ఊచల మీదుగా నడిచి, ఒక మూల వంగి చూశాడు. అక్కడ కవర్ బ్లాకులు లేవు. ఊచకీ కింది చెక్కకీ మధ్య ఎడం ఉంచే సిమెంటు బిళ్లలవి. ఎడం లేకపోతే కువైట్ ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. సంతకం పెట్టకుండానే వెళ్లిపోయాడు.

"ఆయనకేం చెప్పారండీ?" అన్నాడు సత్తిబాబు. చెప్పాను.

"అయ్ బాబోయ్! దొర తాతల్ని ఉచ్చలో దింపేసి సంతకం అడిగారా!"

మేమిద్దరం ఇనుము మీద పాకుతూ బిళ్లలు దూర్చాం. మధ్యాహ్నం వాకర్ మళ్లీ వచ్చి, బిళ్లలు చూసి సంతకం పెట్టాడు. స్లాబ్ ఆ రోజే పడింది. ఇఖామా రెన్యూ అయింది.

ఆ తర్వాత తనిఖీకి ఎందరో వచ్చారు. ఎవరి వంశమూ నేను చదవలేదు. వాళ్లు రాకముందే ఊచల కింద చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. తనిఖీ చేసేవాడు మనకు ఏమైనా కావచ్చు, ఏమీ కాకపోవచ్చు. బిళ్ల పెట్టనిచోట మాత్రం ఎడం ఉండదు.