చేతికివ్వని సూది

సూదులవ్వ పోయింది. జనగామలో కాలేజీకి బయలుదేరుతుంటే మా నాయిన ఫోన్ చేసి చెప్పాడు. మూడు రోజులు జ్వరంతో డేరాలోనే పడుకుందట, తెల్లారేసరికి లేదట. వస్తున్నానని చెప్పబోతే, "యాడ పెట్టాల్నో ఇంకా తెగలే బిడ్డా, నిమ్మలంగనే రా" అన్నాడు. బస్సులో బచ్చన్నపేట దాకా ఆ మాటే చెవిలో తిరిగింది. చావు కబురు విన్నవాళ్లను ఎవరైనా తొందరపెడతారు. ఆమె విషయంలో మాత్రం నిమ్మళంగా వెళ్లేంత సమయం ఉంది.

ఆమె అసలు పేరేమిటో మా ఊళ్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పూసలవాళ్ల మనిషి. సూదులు, పిన్నీసులు, పూసలు, దువ్వెనలు గంపలో పెట్టుకుని ఊరూరా తిరిగేది. డోర్నకల్ దగ్గర బయలుదేరి, నెల్లికుదురు మీదుగా మా దిక్కు చేరేసరికి పత్తి ఏరడం మొదలయ్యేది. జిన్నింగు మిల్లు గోడ వెనక నాలుగు డేరాలు లేచేవి. మా నాయిన పుట్టకముందు నుంచీ వస్తోందని బాపమ్మ చెబుతుంది. అయినా ఊరికి వాళ్లు 'వచ్చిపోయేటోళ్లే'. పొలాల్లో మోటరు వైరు పోతే, అందరూ మొదట వెతికేది ఆ డేరాల్లోనే.

ఊళ్లను ఆమె పేర్లతో గుర్తుపెట్టుకునేది కాదు. డోర్నకల్ పిన్నీసుల ఊరు. రైల్వే క్వార్టర్ల ఆడవాళ్లు ఆదివారం చర్చికి చీరలు సర్దుకోవడానికి కొనేవారట. మాది దబ్బనాల ఊరు, పత్తి బోరాలు కుట్టుకునే ఊరు కనుక. ఏ ఊరికీ ఏమీ కొనని ఊరని పేరు పెట్టలేదు. "కొననోళ్లు గూడ నీళ్లిస్తరు గదా, గది నీళ్ల ఊరు" అనేది. ఈ మాటలన్నీ నా నోట్‌బుక్కులో రాసి పెట్టుకున్నాను. రాసుకుంటుంటే, "నా మాటలేంది బిడ్డా, సంత మాటలు" అని నవ్వేది. నవ్వుతూనే, రాశానా లేదా అని తొంగి చూసేది. ఆమెకు చదవడం రాదు.

మా దిక్కున సూదిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఇవ్వరు. ఇస్తే ఇద్దరికీ కొట్లాట అవుతుందంటారు. సూదులవ్వ సూదిని మా అరుగు మీద పెట్టేది. బాపమ్మ అక్కడి నుంచి తీసుకుని, దారం ఎక్కించి, క్యాలెండరుకు గుచ్చేది. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఎర్ర దువ్వెన అడిగాను. చెయ్యి చాచాను. ఆమె దాన్ని కూడా అరుగు మీదే పెట్టింది. ఆ సాయంత్రం ఆమె మూట మోస్తూ డేరాల దాకా వెళ్లాను.

"సూదంటే కొట్లాటయితదని కింద పెడ్తవ్. దువ్వెనెందుకు పెట్టినవవ్వా?"

"మీ బాపమ్మ కొత్తకోడలప్పుడు సూది కింద పెట్టుమన్నది, పెట్టిన. మల్లొచ్చినప్పుడు పూసలు గూడ గక్కడనే పెట్టుమన్నది, పెట్టిన. ఇగ ఆమెకు అలవాటైంది, నాకు అలవాటైంది."

"నీకు బాధ గాలేదా?"

"సూది గుచ్చుడు కనవడ్తది బిడ్డా, కుట్టుడు కనవడది. నా బిడ్డ గీ డేరాలనే పుట్టింది. ఆనాడు మీ బాపమ్మనే కడవల నీళ్లు కాగవెట్టి పంపింది." కొంచెం దూరం నడిచాక అంది, "కడవ మాత్రం మల్ల ఇంట్లకు తెచ్చుకోలే."

బస్సు దిగి నేను ఊరు చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. శ్మశానంలో ఏ కులం జాగా ఆ కులానికి ఉంది. డేరాల వాళ్లకు లేదు. "ఈడ పెట్టనిస్తే రేపు గిది మాదే అంటరు" అన్నారు పెద్దమనుషులు. నాయిన ఏదైనా అంటాడేమో అని చూశాను. ఆయన కాలి బొటనవేలితో మట్టి గీకుతూ నిలబడ్డాడు. ఇన్ని మాటలు పోగుచేసుకున్న నాకు ఆ పూట ఒక్కటీ రాలేదు. చివరికి సర్కారు తుమ్మలు పెరిగిన ఒక మూల చూపించి, "ఈ ఒక్కసారికి" అన్నారు.

"మనిషి సచ్చేది ఒక్కసారే గదయ్యా" అంది సూదులవ్వ బిడ్డ. ఆమె కొంగు నడుముకు చుట్టి, తుమ్మ కొట్టడానికి గొడ్డలి అడిగింది.

ఆ రాత్రే తహసీల్దారుకు అర్జీ రాశాను. డేరాల వాళ్లు తమ మనుషులను మట్టి చేసుకునేందుకు రెండు గుంటల భూమి కావాలని. చిరునామా అన్నచోట చాలాసేపు ఆగి, జిన్నింగు మిల్లు గోడ వెనక అని రాశాను. సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగితే కాళ్ల నొప్పులే మిగిలాయి. ఎవరూ కాదనలేదు. "సూద్దాం తియ్" అన్నారు. "అందరు పెట్టినంక నేను పెడ్త" అన్నారు. నా పేరు కింద నాయిన పెట్టాడు, నా మొహం చూడకుండా. ఇంకో నలుగురు పెట్టారు. కాగితం కింద ఇంకా తెల్లగానే ఉంది.

బాపమ్మను సంతకం అడగలేదు. ఒక్కటే అడిగాను, "ఆ కడవ ఎందుకు తెచ్చుకోలే?" అని. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉండిపోయింది.

దినాలు అయ్యాక, డేరాలు ఎత్తే ముందురోజు పొద్దున సూదులవ్వ బిడ్డ గంపతో మా ఇంటికి వచ్చింది. బాపమ్మ దబ్బనం అడిగింది. ఆమె వంగి అరుగు మీద పెట్టబోయింది.

"చేతికియ్యి."

"కొట్లాటయితదవ్వా."

"కానియ్యి, కొట్లాడుదాం. కొట్లాడకనే గిన్నేండ్లు గడిచినయ్."

ఆమె నమ్మలేనట్టు నా వైపు చూసింది. బాపమ్మ చాచిన చెయ్యి దించలేదు. దబ్బనం అరచేతిలో పడ్డాక వేళ్లు మూసి, ఇంకో చేతి బొటనవేలు నా ముందుకు చాపింది. "గా కాయిదం తే. ఏలిముద్ర ఏస్త."

ఈ రోజుకీ అర్జీ నా సంచిలోనే ఉంది, ఆరు పేర్లతో, ఒక ఏలిముద్రతో. అది ఎక్కడిదాకా పోతుందో తెలియదు. ఆ పొద్దున కాగితం తేవడానికి నేను లోపలికి వెళ్లి వచ్చేసరికి, గంప దించీ దించీ నున్నబడిన అరుగు రాయి మీద, సూదులవ్వ ఎప్పుడూ సూది పెట్టే చోట, పొద్దుటి ఎండ తప్ప ఏమీ లేదు.