ఎకరం ముప్పై గుంటల గ్రౌండ్

“నిన్ను గోల్‌లో నిలబెట్టనమ్మా” అని మా ఆటల మేడం చెప్పిన సాయంత్రం నేను చేతిలో ఉన్న బంతిని ఎటో విసిరేశాను. అది వాచ్‌మన్ గది రేకుల మీద పడి ధనామని మోగింది. అప్పుడు నాది తొమ్మిదో తరగతి. నా కోపం సంగతి బడిలో అందరికీ తెలుసు. ముక్కు మీదే ఉండేది, దిగమన్నా దిగేది కాదు.

అంత కోపం ఎందుకొచ్చిందో చెప్పాలంటే ముందు మా గ్రౌండ్ గురించి చెప్పాలి. శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచి రెండు మూడేళ్లయింది. మా బడి వెనక జొన్న చేలన్నీ వెంచర్లయ్యాయి. మట్టి రోడ్లు వేశారు, హద్దురాళ్లు పాతి పసుపు రంగు పూశారు. కొన్నవాళ్లు మళ్లీ మొహం చూపించలేదు. ఇల్లు కట్టినవాడు ఒక్కడూ లేడు. అక్కడ పక్కపక్కనే ఉన్న రెండు ప్లాట్లు, కలిపి నాలుగు వందల గజాలు, ఆడపిల్లలం మేం ఫుట్‌బాల్ ఆడుకునే చోటు. ఒక పక్క ప్రహరీ గోడ, ఇంకో పక్క తుమ్మ కంప. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు. పది అంగలు వేశామా, గోడకైనా గుద్దుకోవాలి, ముల్లైనా గుచ్చుకోవాలి.

గోల్ అంటే మేం పీకి దగ్గరదగ్గరగా పాతుకున్న రెండు హద్దురాళ్లు, అంతే. పైన అడ్డకర్ర లేదు కాబట్టి రోజూ పంచాయితీ. “పైకెల్లి పోయింది” అని ఒకరు, “నీ కండ్లు దొబ్బినయా, లోపలికెల్లే పోయింది” అని ఇంకొకరు. జుట్లు పట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఆఖరికి మాలో మేమే ఒక కానూను పెట్టుకున్నాం: బంతి మోకాలి కంటే ఎత్తులో పోతే గోల్ చెల్లదు. గోడ దాటి బంతి పోకుండా ఉంటుందని మేడం కూడా ఏమీ అనలేదు. రెండేళ్లు ఆ కానూనుతోనే ఆడాం. ప్రపంచమంతా అలాగే ఆడుతుందని అనుకున్నాం.

ఆ రాళ్ల నడుమ నేను రాణిని. పొట్టిదాన్ని, కొంచెం లావు. వంగి చేతులు చాపితే రెండు రాళ్లూ ఇంచుమించు అందేవి. సగం మంది నా నోటికి భయపడి నా వైపు కొట్టేవాళ్లే కాదు. ఇంట్లో మా అక్క తెలివైనది. క్లాసులో మొదటి బెంచీ వాళ్లు తెలివైనవాళ్లు. నాకంటూ ఉన్నది ఆ రాళ్ల నడుమ జాగా ఒక్కటే.

మేడంది గోదావరి జిల్లా. ఎంత చిరాకులోనైనా మర్యాదగానే మాట్లాడేది. ఆ సాయంత్రం మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

“రాజేంద్రనగర్ దగ్గర పెద్ద గ్రౌండ్‌లో మనకి మ్యాచ్ ఉందమ్మా. పూర్తి కొలతల గ్రౌండ్. పదకొండు మంది ఆడాలి. అక్కడ మీ ఆట చూసి జోనల్ పోటీలకి పదకొండు పేర్లు రాస్తాను.”

మేం అరిచిన అరుపుకు తుమ్మ మీది పిట్టలన్నీ లేచిపోయాయి. అంతలో మేడం నా వైపు తిరిగి ఆ మాట అంది. “అక్కడ గోల్ ఎనిమిదడుగుల ఎత్తుంటుంది. నీ చెయ్యి అందదు. పొడుగమ్మాయిని నిలబెడతాను.”

పొడుగమ్మాయి అంటే నా బెంచీలో కూర్చునే పిల్లే. ఆటలో ఎప్పుడూ నా ముందు అడ్డంగా నిలబడేది. దానికి పాపం గోల్‌లో నిలబడాలన్న కోరికే లేదు.

“ఎట్లందదు మేడం? ఎగురుత!”

“ఎగిరినా అందదమ్మా.”

“నేను ఎగురంగ మీరెన్నడన్న సూసిండ్రా?”

బంతి రేకుల మీద పడింది అప్పుడే. ఆ తర్వాత రెండు రోజులు మేడం ఎదురైతే మొహం పక్కకు తిప్పుకున్నాను. మూడో రోజు ఆవిడే దిగొచ్చింది. “సరే తల్లీ. మొదటి సగం నువ్వు నిలబడు. ఆపలేకపోతే మాత్రం రెండో సగంలో నేను చెప్పిన చోట ఆడాలి. నోరెత్తకూడదు.” నేను తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాను. ఇంటికి పోయి, గోల్ కీపర్‌ను నేనేనని బాపుకు గొప్పగా చెప్పుకున్నాను. ఆయన పొలం పని మానుకుని మరీ వస్తానన్నాడు.

మ్యాచ్ రోజు పొద్దున్నే సిటీ బస్సులో వెనక సీట్లన్నీ మావే. గగన్‌పహాడ్ ఫ్యాక్టరీల దగ్గర లారీలు అడ్డం వచ్చి బస్సు ఆగితే ప్రాణం విలవిల్లాడింది. “దిగి ఉరుకుదామా?” అని అడిగాను. నిజంగానే ఇద్దరు లేచి నిలబడ్డారు. కండక్టర్ “ఓ పాపలూ, జర కూసోండ్రి!” అని కసురుకున్నాడు. బాపు తన మోపెడ్ మీద ఆ లారీల సందుల్లోంచే దూరి మమ్మల్ని దాటి పోతూ చెయ్యి ఊపాడు. బస్సంతా మేం వేసిన కేకలతో దద్దరిల్లింది.

ఇగ ఆ గ్రౌండ్! అబ్బబ్బ, ఏం గ్రౌండది! గేటు దాటి లోపలికి అడుగుపెట్టి అందరం నోరెళ్లబెట్టాం. ఎంత చూసినా పచ్చగడ్డే. ఎక్కడా ఒక్క రాయి లేదు. సున్నంతో గీసిన తెల్లని గీతలు తిన్నగా పోతూనే ఉన్నాయి. మూలమూలకూ ఎర్ర జెండా. గోల్‌లకు వలలు! నిజం వలలు! ఎనిమిదో తరగతి చిన్నపిల్ల ఒకతి పోయి ఆ వలలో చేతులు దూర్చి మొహం ఆనించి ఊగింది. పొడుగమ్మాయి గడ్డి మీద బోర్లా పడుకుని దొర్లింది. మిగతావాళ్లం చెప్పులు అక్కడే విడిచేసి, ఎందుకో ఏమిటో తెలియకుండా, గ్రౌండ్ మధ్యదాకా అరుచుకుంటూ ఉరికాం. మేడం “అలిసిపోతారే, ఆగండే!” అంటూనే తనూ నాలుగడుగులు పరిగెత్తింది.

బాపు గీత పక్కన నిలబడి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు.

“ఎకరం ముప్పై గుంటలుంటది” అన్నాడు. “ఒక్క బోరేస్తే రెండు పంటలు వరి తియ్యొచ్చు. ఈళ్లేంది, గడ్డి పెంచుతుండ్రు?”

“బాపూ, నీ కాళ్లు మొక్కుత, జర సప్పుడు జేయకు.”

మెల్లగా గోల్ దగ్గరకు పోయి తలెత్తి చూశాను. ఎవరూ చూడటం లేదనుకుని ఒక్కసారి ఎగిరాను. జానెడు దూరంలో ఆగిపోయింది చెయ్యి. తిరిగి చూస్తే మేడం చూస్తోంది. నాకు ఒళ్లు మండింది.

ఆట మొదలైంది. నగరంలోని ఒక బడి పిల్లలు మా మీద ఆడుతున్నారు. వాళ్లు ఎవరి చోట్లో వాళ్లు నిలబడి బంతిని అటూ ఇటూ పంచుకుంటున్నారు. మావాళ్లు మాత్రం గింజలు చల్లితే కోళ్లు ఉరికినట్టు పదిమందీ బంతి ఎటు పోతే అటే. పావుగంటకు నాలుకలు బయటపడ్డాయి. నేను గోల్ నుంచి గొంతు చించుకుంటున్నాను, “ఏయ్, ఎన్కకు రాండ్రే!” అని. ఒక్కదానికీ వినిపించలేదు. అంత దూరం ఉంటే ఎలా వినిపిస్తుంది!

అప్పుడు వాళ్ల పిల్ల ఒకతి దూరం నుంచి ఎత్తి కొట్టింది. బంతి నా తల మీదుగా వస్తోంది. నేను కదల్లేదు. నడుము మీద చేతులు పెట్టుకుని, తాపీగా అది పోతున్న వైపు చూశాను. ఎత్తులో పోయింది కదా, చెల్లదు. వెనక వల కదిలింది. లోపలికి పోయి బంతి తెచ్చుకుని, కొట్టడానికి గీత మీద పెట్టుకున్నాను. చూస్తే వాళ్లంతా ఒకరినొకరు కౌగిలించుకుని ఎగురుతున్నారు.

“ఏయ్, ఏంది ఎగురుడు? చెల్లదు! మోకాలి మీదికెల్లి పోయింది!”

రిఫరీ దగ్గరకొచ్చాడు. “మోకాలా? ఎవరి మోకాలమ్మా?”

నేను నా మోకాలు చూపించాను. “ఔ సార్, చెల్లదు” అంటూ మావాళ్లు పదిమందీ వచ్చి తలా ఒక మోకాలు చూపించారు. అది చాలదన్నట్టు బాపు గీత దాటి లోపలికి వచ్చేశాడు. “సార్, మా బిడ్డ అబద్దమాడది. చెల్లదంటే చెల్లదు.”

రిఫరీ నోట్లోంచి ఈల జారి కింద పడింది. గ్రౌండ్‌లో ఉన్నవాళ్లంతా కడుపు పట్టుకుని నవ్వారు. మేడం రెండు చేతుల్లో మొహం దాచుకుంది. మెల్లమెల్లగా నాకూ అర్థమైంది. చెవులు కాలిపోయాయి. భూమిలోకి దిగిపోతే బాగుండు అనిపించింది, కానీ నోరు ఆగాలి కదా. “మరి ముందుగాల చెప్పాలె గద!” అని రిఫరీ మీదే అరిచాను.

రెండో గోల్ వచ్చినప్పుడు నాకన్నీ తెలుసు. ప్రాణం పెట్టి ఎగిరాను. వేళ్లను తాకనైనా తాకకుండా, అదే జానెడు ఎత్తులో పోయింది బంతి. సగం ఆట అయ్యేసరికి సున్నా, రెండు.

మేడం తిట్టలేదు. చెయ్యి చాపింది. గ్లవ్స్ విప్పి ఇచ్చాను. పొడుగమ్మాయి వాటిని తేలును పట్టుకున్నట్టు పట్టుకుంది.

“నువ్వు ఆ కుడి పక్క గీత దగ్గర నిలబడు. బంతి వెంట పడకు. అక్కడే ఉండు” అంది మేడం.

“ఆడుండి ఏం జెయ్యాలె? గీతకు కావలి కాయాల్నా?”

“అవును, గీతకి కాపలా. ఒట్టేశావు గుర్తుందా?”

కళ్లలో నీళ్లు తిరుగుతుంటే పోయి గీత దగ్గర నిలబడ్డాను. బాపు వైపు చూడలేదు. గోల్‌లో నిలబడతానని అంత గొప్పగా చెప్పి, ఇక్కడ కొయ్యలా నిలబడ్డాను. జోనల్ జట్టు సంగతి ఇక చెప్పనక్కర్లేదు. గోల్ పోతే నేను ఎందుకూ పనికిరానిదాన్నే. గడ్డి పీకి నోట్లో పెట్టుకుని నములుతున్నాను.

అప్పుడు పొడుగమ్మాయి బంతిని కొట్టింది. భయంతో కొట్టిందో, వదిలించుకోవాలని కొట్టిందో గానీ ఆ పొడుగు కాళ్ల దెబ్బకు బంతి సగం గ్రౌండ్ దాటి, నా ముందు పడి, గీత వెంట దొర్లుకుంటూ పోయింది. అటు ఎవరూ లేరు. వాళ్లూ లేరు, మావాళ్లూ లేరు.

ఉరికాను. కోపం మీద ఉరికాను. పది అంగలు అయ్యాయి. అలవాటు కొద్దీ గోడ వస్తుందని ఒళ్లు బిగబట్టాను. గోడ రాలేదు. ఇంకో పది. రాలేదు. బంతిని ముందుకు తన్నాను, మళ్లీ అందుకున్నాను. ఇంకా చోటుంది! వెనక ఎవరో వస్తున్న చప్పుడు వినిపించింది, కాసేపటికి అదీ వినిపించలేదు. వాళ్ల పిల్ల వెనకబడిపోయింది. నేను, ఈ పొట్టిదాన్ని, బెల్లు కొట్టినా బెంచీ మీంచి కదలని దాన్ని, ఒకరిని వెనక వదిలేసి పోతున్నాను! నాకు ఉరకడం వచ్చని నాకే తెలియదు. ఎలా తెలుస్తుంది, అంత దూరం ఎప్పుడైనా ఉరికితే కదా! గట్టిగా నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉరికాను. ఎక్కడ ఆగాలో తెలియక బంతితో సహా చివరి గీత దాటేసి, జెండాను గుద్దేసి, అవతల పడ్డాను.

“బిడ్డా, ఆడికే అయిపోయిందే జాగ!” అని బాపు కేకేశాడు.

లేచి చూస్తే మేడం గీత వెంట నాకోసం పరిగెత్తుకొస్తోంది. చీర కుచ్చిళ్లు చేతిలో పట్టుకుని, “మళ్లీ! మళ్లీ అలాగే! కానీ ఈసారి గీత లోపలే తల్లీ!”

మళ్లీ వచ్చింది బంతి. ఈసారి జెండా ముందే ఆగి, తలెత్తి, వల ఎక్కడుందో చూసి మధ్యలోకి తన్నాను. ఎనిమిదో తరగతి చిన్నపిల్ల ఎక్కడి నుంచి ఊడిపడిందో, తొడతో నెట్టేసింది. గోల్! మేమంతా ఒకరి మీద ఒకరం పడ్డాం. నా మోచెయ్యి తగిలి ఆ పిల్ల ముక్కు చిట్లింది, అయినా నవ్వుతూనే ఉంది. ఆ తర్వాత ఇంకెన్నిసార్లు ఉరికానో లెక్కలేదు. ఈల ఊదేసరికి ఒకటి, రెండు. ఓడిపోయాం. మా గంతులు చూసి గెలిచినవాళ్లకే అనుమానం వచ్చింది, ఎవరు గెలిచారా అని.

నీళ్లు తాగుతుంటే మేడం నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది. ఆవిడ వెనక పొడుగమ్మాయి, మొహం వాడిపోయి.

“నా తోని గాదు మేడం” అంటోంది అది. “ఆ రాడ్ల నడుమ ఒక్కదాన్నే నిలబడలేను. భయమైతది.”

మేడం నన్ను పక్కకు తీసుకుపోయింది. “చూడమ్మా, నీ అంత ధైర్యంగా గోల్‌లో నిలబడేవాళ్లు మన దగ్గర ఇంకొకరు లేరు. అందకపోతే అందకపోయింది, నేర్పిస్తాను. గోల్ కావాలంటే నీదే, నీ పేరు ఇప్పుడే రాసేస్తాను. గీత పక్కన ఆడతానంటే మాత్రం మాటివ్వలేను. ఆ చోటుకి పదో తరగతిలో ముగ్గురున్నారు, ఇవాళ రాలేకపోయారు, వాళ్లని కూడా చూడాలి.”

పెన్ను మూత తీసి నిలబడింది. బాపు కూడా దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

నేను గోల్ వైపు చూశాను. ఎండలో వల తెల్లగా మెరుస్తోంది. రెండు రోజులు మేడంతో మాట మానేసింది దాని కోసమే. తర్వాత గ్రౌండ్ అటు చివరిదాకా చూశాను. ఊపిరి ఇంకా నిలబడలేదు.

“గోల్ ఎవలికన్న ఇయ్యుండ్రి మేడం” అన్నాను. “నేను ఉరుకుత.”