తొంభై డాలర్ల తూటాల డబ్బా

ఛాయాదేవికి అనుమానం జబ్బు కాదు, ఉద్యోగం. అమెరికాలో, నేపర్‌విల్ శివార్లలో ఓ చిన్న మెషిన్ షాపులో ఇరవై రెండేళ్లుగా ఆమె ఇన్‌స్పెక్టర్. తయారైన ప్రతి వస్తువునూ కొలిచి వంక పెట్టడానికే జీతమిస్తారు. సరే, మనిషన్నాక ఆ పని షాపులోనే వదిలేసి ఇంటికి రావాలా వద్దా? అబ్బే! ఇండియన్ స్టోర్‌లో కొన్న కందిపప్పు ఇంటికొచ్చాక మళ్లీ తూచేది. షుగర్ మాత్ర వేసుకున్నానని భర్త లక్ష్మీకాంతం చెబితే, సీసా మూత తీసి మాత్రలు లెక్కపెట్టేది. "నీ నోట సరే అన్న మాట వినకుండానే పోతానే నేను" అనేవాడాయన, నవ్వుతూనే.

2013లో ఆ షాపు కొత్త సరుకు మొదలుపెట్టింది. రైఫిల్ మ్యాగజైన్లు. అంటే రైఫిల్ కింద తగిలించే తూటాల డబ్బాలు. లోపలి స్ప్రింగు తూటాలను ఒక్కొక్కటిగా పైకి తోస్తుంది. బజార్లో రేకు వంచి చేసినది పన్నెండు డాలర్లకు దొరుకుతుంది. ఓనర్ డేల్ మాత్రం అల్యూమినియం దిమ్మను మెషిన్ మీద తొలిపించి, నునుపు తేల్చి, తొంభై డాలర్లన్నాడు. ఆ ఏడాది ఎక్కడా సరుకు దొరక్క జనం ఎగబడి కొన్నారు. గుళ్లో ఎవరైనా "మీ కంపెనీలో ఏం చేస్తారు ఆంటీ?" అని అడిగితే, "ఏవో పార్ట్స్‌లే అమ్మా" అనేసి ప్రసాదం వైపు నడిచేది ఛాయాదేవి.

ఆ దిమ్మల్ని తొలిచేది జగదీష్. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద చెయ్యి తిరిగినవాడు. వాళ్లక్క స్పాన్సర్ చేస్తే పెళ్లాం పిల్లలతో వచ్చాడు, మూడు నెలల క్రితమే ఇల్లు కొన్నాడు. అతన్ని డేల్ దగ్గర పెట్టించింది ఛాయాదేవే. అలాగని నమ్మిందనుకునేరు!

వేసవిలో ఉత్తరాలు రావడం మొదలైంది. తుపాకీ కాల్చే రేంజ్‌లో కాస్త దుమ్ము పడితే చాలు, తూటా సగంలో ఇరుక్కుపోతోందట. "మీ తొంభై డాలర్లది పెట్టెలో పెట్టేసి, పన్నెండు డాలర్లదాంతో పోటీ ముగించాను" అని రాశాడొకాయన. డేల్ ఆ ఉత్తరాన్ని ఆమె బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఛాయాదేవికి తల కొట్టేసినట్టయింది.

తను పాస్ చేసింది ఇరుక్కోవడమా? అసంభవం. మరైతే తను పాస్ చేసినవే పార్సిళ్లలోకి వెళ్తున్నాయా? ఆ ప్రశ్న పుట్టాక ఇంకేముంది, కళ్లు జగదీష్ మీదే. ఓ శుక్రవారం అతను రిజెక్ట్ తొట్టిలోంచి నాలుగు మ్యాగజైన్లు సంచిలో వేసుకుంటుంటే పట్టుకుంది.

"ఏంటయ్యా అది?"

"మీరు రిజెక్ట్ చేసినవే అక్కా. మా ఫ్రెండ్ రేంజ్‌లో ట్రై చేస్తానన్నాడు. డేల్‌ని అడిగే తీసుకెళ్తున్నా" అని నవ్వాడు జగదీష్.

ఆ నవ్వు ఆమెకు అస్సలు నచ్చలేదు. తప్పు లేనివాడు అంత వివరంగా ఎందుకు చెబుతాడు? రిజెక్టులు ఎక్కువైతే బోనస్ పోతుంది కాబట్టి వాటిని మంచివాటిలో కలిపేస్తున్నాడు. అంతే, లెక్క తేలిపోయింది. సోమవారం పొద్దున్నే డేల్ గదికి వెళ్లి, తలుపు మూసి మరీ చెప్పింది. ఆ తర్వాత తను పాస్ చేసిన ప్రతి మ్యాగజైన్ లోపలా, ఎవరికీ కనబడని మూల, ఎర్రటి గోళ్ల రంగుతో చిన్న చుక్క పెట్టడం మొదలుపెట్టింది. ఆ సంగతి డేల్‌కి కూడా చెప్పలేదు. అతన్ని మాత్రం నమ్మిందా ఏం?

మూడు వారాలకు పదకొండు మ్యాగజైన్లు వెనక్కి వచ్చాయి. డేల్ వాటిని ఆమె ముందు పెట్టి అన్నాడు: "ఇవి నువ్వు రిజెక్ట్ చేసినవేనేమో సాయంత్రంలోగా చూసి చెప్పు. నువ్వు అవునంటే జగదీష్‌కి ఇదే ఆఖరి రోజు."

మొదటిదాంట్లో టార్చి వేసి చూసింది. ఎర్ర చుక్క. రెండోదాంట్లో చుక్క. పదకొండింటిలోనూ చుక్కే. అన్నీ తను స్వయంగా పాస్ చేసినవే.

ఒక్క క్షణం, ఆ రంగు సీసా జగదీష్‌కి దొరికిందేమోనని కూడా అనుకుంది. ఎంత ఆశో చూడండి! అందరూ లంచ్‌కి వెళ్లాక షాపు వెనక పెరట్లోంచి గుప్పెడు దుమ్ము తెచ్చింది. మందు లేని ఉత్తుత్తి తూటాలు నింపి, దుమ్ము చల్లి, ఒక్కొక్కటే బయటికి లాగింది. పన్నెండు డాలర్ల రేకు డబ్బా గలగలమంటూ అన్నిటినీ వదిలింది. తన చుక్క ఉన్నది మూడో తూటాకే బిగుసుకుంది. చివరికి, వదులుగా ఉందని తనే రిజెక్ట్ చేసినదాన్ని తొట్టిలోంచి తీసి చూసింది. అది ఎక్కడా ఆగలేదు.

మ్యాగజైన్ డ్రాయింగ్ తెరిచింది. లోపలి వెడల్పు అటూ ఇటూ ఎంత ఉండొచ్చో అందులో ఉంది. ఆ తేడాలో సగమే ఆమె ఒప్పుకుంటూ వచ్చింది. హైదరాబాదులో, బాలానగర్ టూల్‌రూమ్‌లో, పాతికేళ్ల వయసులో పట్టుకున్న అలవాటది. కాస్త వదులిస్తే మనుషులు ఇంకాస్త తీసుకుంటారు, అందుకని ముందే బిగించి పెట్టాలి. రిజెక్టులు పడలేక జగదీష్ కూడా బిగుతుగానే తొలవడం మొదలెట్టాడు. దుమ్ము దూరితే తూటా కదలడానికి చోటేదీ?

నోరు మూసుకుని ఊరుకోవచ్చు. ఆ చుక్కల సంగతి ఈ భూమ్మీద ఎవరికీ తెలీదు. వచ్చే ఏడాది రిటైర్మెంట్. పైగా, తప్పు తనదంటే ఇరవై రెండేళ్ల పేరు గంగలో కలిసిపోతుంది. అయినా పదకొండింటినీ ట్రేలో పెట్టుకుని డేల్ గదికి నడిచింది.

అంతా విని డేల్ తల పట్టుకున్నాడు. "ఇంతకీ మన మ్యాగజైన్ తొంభై డాలర్లు చేస్తుందా, చెయ్యదా?"

"డ్రాయింగ్‌లో ఉన్నట్టు చేస్తే చేస్తుంది. నేను చేయించినట్టు చేస్తే పన్నెండు డాలర్లదే నయం" అంది ఛాయాదేవి. "ఆ అబ్బాయి తప్పేం లేదు."

డేల్ ఆమెను తీసెయ్యలేదు గానీ, ఇక నుంచి ఆమె కొలతల మీద ఇంకొకరి సంతకం ఉండాలన్నాడు. అది జగదీష్‌దే.

కాసేపటికి డేల్ మెషిన్ ఆపించి అతన్ని గదిలోకి పిలిచాడు. అక్కణ్నుంచి అతను తిన్నగా ఆమె దగ్గరికే వచ్చాడు. "థాంక్స్ అక్కా. నా జాబ్ మీరే నిలబెట్టారంట, డేల్ ఇప్పుడే చెప్పాడు."

"వదులుంటేనే బాగా పనిచేస్తున్నాయని నీకు ముందే తెలుసా?"

"మా ఫ్రెండ్ చెప్పాడు. మీకు చెప్పాలని వచ్చాను కూడా, నా పని నాకు నేర్పకు అన్నారు. డేల్‌కి చెబితే మీ మీద చాడీ చెప్పినట్టు ఉంటుందని ఊరుకున్నా." గొంతు తగ్గించాడు. "కానీ అక్కా, నేను దొంగనని ఎవడో డేల్‌కి ఎక్కించాడు. మూడు వారాల నుంచి నిద్ర లేదు. ప్యాకింగ్‌వాడి మీద డౌటు. వాడితో మాటలు కూడా మానేశా."

ఛాయాదేవి అటు చూసింది. ప్యాకింగ్‌వాడు పాపం దూరంగా అట్టపెట్టెలు మడుస్తున్నాడు.

"వాడు కాదు జగదీషూ. నేనే."

అతను చేతిలోని గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, అప్పటికే శుభ్రంగా ఉన్న చేతుల్ని.

"ఈ షాపులో అందర్నీ అనుమానించానక్కా. మిమ్మల్ని ఒక్కర్నే అనుమానించలేదు" అన్నాడు. వెనక్కి వెళ్లి మెషిన్ ఆన్ చేశాడు.