ఒకటో గేరులో వన్ టౌన్ దాకా

పెళ్లయిన కొత్తలో మా మామగారి ముందు నా పరువు ఎంత ఎత్తు నుంచి కిందపడిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

ఎనభైల్లో మాట. గాజువాకలో అద్దె ఇల్లు, స్టీల్ ప్లాంటు పనులు చేసే కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా ఉద్యోగం, ఒక మోపెడ్. దానికి గేర్లు లేవు, క్లచ్ లేదు. యాక్సిలరేటర్ తిప్పితే పోతుంది, బ్రేకు నొక్కితే ఆగుతుంది. మేకపిల్లకున్నపాటి పొగరు కూడా లేని బండి.

కూతురి కాపురం చూడ్డానికి మామగారు మొదటిసారి వచ్చారు, తాటిముంజల బుట్టతో. అందులో సగం వన్ టౌన్‌లో ఉన్న తన చెల్లెలికి ఇచ్చి రావాలన్నారు. ఆయనది భారీ విగ్రహం. ఆయన్ని చూసే నా మోపెడ్ నీరసించిపోయింది. దాంతో పక్కింటి అప్పన్న మోటార్ సైకిలు అడిగాను.

"గేర్ల బండి ఎప్పుడైనా తోలినావేటి బావా?" అన్నాడు అప్పన్న.

"ఏటలా అడిగీసినావ్? దీనికీ రెండు సక్రాలే కదేటి!"

"క్లచ్ మెల్లిగా వదలాల. లేపోతే ఎగిరిపోద్ది."

"నాకు సెప్పకు బావా," అన్నాను, మామగారికి వినబడేలా.

మామగారు రెండు చేతులతో బుట్ట పొదివి పట్టుకుని వెనక కూర్చున్నారు. నేను అప్పన్న చూపించినట్టే ఒకటో గేరు వేసి, మోపెడ్ అలవాటు కొద్దీ యాక్సిలరేటర్ మొత్తం తిప్పి, క్లచ్ ఒక్కసారిగా వదిలేశాను. బండి తోక తొక్కిన పిల్లిలా ఎగిరింది. ఆ తర్వాత మాత్రం దూదిపింజలా తేలిగ్గా పోయింది. గేర్ల బండి మహిమ ఇదన్నమాట అనుకున్నాను.

రెండో గేరు వేయాలంటే మళ్లీ ఆ క్లచ్ జోలికి పోవాలి. ఎందుకొచ్చిన గొడవని ఒకటో గేరులోనే పోనిచ్చాను. ఇంజను పిండిమరలా గోల పెడుతోంది. సైకిళ్లు నన్ను దాటి పోతున్నాయి. నేను మాత్రం కబుర్లు ఆపలేదు.

"సూసినారా మామగారూ, కుదుపన్నదే లేదు! మీ అమ్మాయికి ఏ లోటూ రానివ్వను!"

జవాబు లేదు. మనసు నిండి నోట మాట రావడం లేదు కాబోలు అనుకున్నాను. ఆ ఊపులో, త్వరలో ఆఫీసరునైపోతానని ఒక అబద్ధం కూడా ఆడాను. దానికీ అభ్యంతరం లేదు.

వన్ టౌన్‌లోకి దిగుతుండగా సిటీ బస్సొకటి పక్కకొచ్చింది. కిటికీలోంచి ఒక తలపాగా బయటికొచ్చింది.

"అల్లుడుగారూ! ఎవులితో మాటాడతన్నారు?"

మామగారు! ఒళ్లో బుట్టతో సహా!

కంగారులో ఎడమచేతి లివర్ బిగించి పట్టుకున్నాను. మోపెడ్‌కైతే అది బ్రేకు. దీనికి క్లచ్. పట్టు తప్పిన బండి పల్లంలో జర్రున జారి, ఓ కొట్టు ముందున్న ఎండుచేపల బస్తాల్లో దూరింది. దాని వెనకే నేనూ.

మామగారు బస్సు దిగి వచ్చి, నన్ను లేపి, చొక్కాకంటిన పొలుసులు దులిపారు.

"దెబ్బ తగిలిందేటి బాబూ?"

"లేదండి. మీరు... ఎక్కడ..."

"మీరు ఎగిరెల్లిపోనారు. నాను మీ గుమ్మం కాడే కూలబడిపోనాను. ఎంత కేకేసినా మీకినపడలేదు. అప్పన్న బస్సెక్కించీసినాడు." గొంతు తగ్గించి అన్నారు. "మా అమ్మాయిని మాత్రం బస్సులోనే తిప్పండి బాబూ. మనిసి ఎక్కినాదో లేదో కండక్టరైనా సూసుకుంటాడు."

ఆ ఎండుచేపల సాక్షిగా అక్కడికక్కడే ప్రమాణం చేశాను. వెనక కూర్చున్నవాళ్లు నోరు మెదపకపోతే, నా మాట వాళ్లకి నచ్చిందని ఈ జన్మలో అనుకోను.