పరికరాల జాబితాలో లోవమ్మ

అనకాపల్లి దాటి ఎలమంచిలి వైపు వెళ్తుంటే హైవే పక్కన దేవీప్రసాద్ బెల్లం పొడి కంపెనీ కనిపిస్తుంది. కంపెనీ అంటే మరీ పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. రెండు రేకుల షెడ్లు, ఒక గానుగ, మూడు పెనాలు, ప్యాకింగు చేసే ఆరుగురు ఆడవాళ్ళు. పెనాల దగ్గర పాకం చూసేది లోవమ్మ.

ఇరవై రెండేళ్ళ కిందట భర్తకు నడుం పడిపోతే, ఆయన పనిలోకి ఆమె దిగింది. మడ్డి తీసేసిన రసం కాగి కాగి చిక్కబడుతుంటే వేళ్ళు చన్నీళ్ళలో ముంచి, చిటికెడు పాకం తీసి, మళ్ళీ నీళ్ళలో ముంచి ఉండ చేస్తుంది. ఆ ఉండను పళ్ళెం మీదకు విసిరి, చప్పుడు విని, "దించేయండి" అంటుంది. ఆ మాట అరనిమిషం ముందు అంటే బెల్లం సాగుతుంది, తర్వాత అంటే మాడుతుంది.

చిక్కంతా పెనాలు మూడు, లోవమ్మ ఒక్కతే కావడం. ఆమె చూసిన పెనంలోది బంగారం రంగులో వచ్చేది, మిగతా రెండూ వాటి ఇష్టం. విశాఖపట్నం షాపులవాళ్ళు సరుకు తిప్పి పంపేశారు.

ఆ రోజుల్లోనే చిన్న పరిశ్రమల మీటింగులో ఒక ఆఫీసరు మాటలు యజమాని దేవీప్రసాద్ విన్నాడు. ప్రభుత్వ పరిశోధనశాలతో కంపెనీలు మూడు రకాలుగా కలిసి పనిచేయవచ్చట. సరుకు ఇచ్చి పరీక్ష చేయించుకోవచ్చు, వాళ్ళు ఇదివరకే కనిపెట్టినదానికి లైసెన్సు తీసుకోవచ్చు, లేదా ఇద్దరూ కలిసి కొత్తది కనిపెట్టవచ్చు. అంతవరకూ పరిశోధనశాలలంటే రాకెట్ల కోసమే అనుకున్న దేవీప్రసాద్ మూడోదానికి దరఖాస్తు పెట్టాడు. లోవమ్మ చేసే పని చేసే యంత్రం కావాలన్నాడు.

ల్యాబువాళ్ళు ఒప్పుకున్నారు. శాస్త్రవేత్తలు, సెన్సార్లు వాళ్ళవి. షెడ్డు, చెరకు, పాకం తెలిసిన మనిషి కంపెనీవి. ఒప్పందం రాసేటప్పుడు మాత్రం ఒక అడ్డంకి వచ్చింది. సిబ్బంది కాలమ్‌లో డిగ్రీ రాయకపోతే కంప్యూటరు ముందుకు పోలేదు. ల్యాబు గుమాస్తా కాసేపు ఆలోచించి లోవమ్మను పరికరాల కాలమ్‌లోకి మార్చాడు. "పాకం నిర్ధారణ సాధనం, ఒకటి, పనిచేయు స్థితిలో ఉన్నది." పక్క గడి సాధనం తయారైన సంవత్సరం అడిగింది.

దేవీప్రసాద్ ఫోన్ చేశాడు. "లోవమ్మా, నువ్వు ఏ సంవత్సరంలో పుట్టేవు?"

"నాకేటి తెలుసు బాబూ. ఆధార్‌లో అరవై ఎనిమిదని ఏసేరు. అదే ఎయ్యి."

అదే వేశారు.

ఇరు పక్షాలూ రహస్యాలు బయటపెట్టకూడదని ఇంకో కాగితం వచ్చింది. పరికరమైనా సరే, లోవమ్మ దానిమీద సంతకం పెట్టింది. అందులో ఏముందో దేవీప్రసాద్ చదివి చెప్పాడు. మర్నాడు పొయ్యిలో పిప్పి ఎగదోసే బాలన్న, పదేళ్ళుగా ఆమెకు ఎదురుగా కూర్చునేవాడు, మామూలుగానే అడిగాడు.

"ఏటప్పా, ఇంకెంతసేపు కాగాల?"

"సెప్పకూడదంట. సంతకం ఎట్టేను."

బాలన్నకు రోషం వచ్చింది. ఆరోజు పిప్పి తగ్గించి వేశాడు.

ల్యాబు నుంచి వచ్చిన శాస్త్రవేత్త పేరు హాసిని. ముప్పై దాటని పిల్ల. వేడిని, చిక్కదనాన్ని కొలిచే యంత్రం పెనానికి బిగించింది. మొదటి వంటలో నూట పద్దెనిమిది డిగ్రీల దగ్గర యంత్రం కూత పెట్టింది.

"అప్పుడే కాదమ్మా," అంది లోవమ్మ. "ఇది మునిగిన సేను సెరుకు. ఉప్పుగుంటాది. ఇంకొంత కాగాల."

"పుస్తకంలో నూట పద్దెనిమిదే ఉందండీ."

"అయితే దించేయండి."

దించారు. ఆ బెల్లం సాయంత్రానికి కూడా గట్టిపడలేదు. హాసిని చాలాసేపు దాన్ని గరిటెతో కదుపుతూ నిలబడి, తర్వాత నోట్‌బుక్కులో రాసుకుంది. ఆ మర్నాటి నుంచి పద్ధతి మార్చింది. లోవమ్మ దించమన్నప్పుడు యంత్రం ఏం చూపిస్తోందో రాసేది, ఆమె ఎందుకు ఆగిందో అడిగేది. ఆ సీజనంతా అరవై నాలుగు వంటలు అలా రాసింది.

మధ్యలో తనిఖీ అధికారి వచ్చాడు. ప్రాజెక్టు పరికరాలన్నిటికీ నంబరు స్టిక్కర్లు అంటించాలి. జాబితా చదువుతూ నాలుగోదాని దగ్గర ఆగాడు.

"సాధనం ఏది?"

దేవీప్రసాద్ చూపించాడు. లోవమ్మ చేతులు కడుక్కుంటోంది. అధికారి ఆమెను చూశాడు, స్టిక్కరును చూశాడు. మర్యాదస్తుడు. మనిషికి అంటించలేడు, ఖాళీగా వదిలితే పైనుంచి ప్రశ్న వస్తుంది. చివరికి ఆమె కూర్చునే పీటకు అంటించి, "సాధనం సరిచూడబడినది" అని రాసుకున్నాడు.

వేసవిలో నివేదిక వచ్చింది. యంత్రం తొంభై ఏడు శాతం సరిగ్గా పనిచేస్తోందని తేలింది. అంటే నూటికి తొంభై ఏడుసార్లు అది లోవమ్మతో ఏకీభవించింది. హాసిని ఆమె పక్కన కూర్చుని ఇదంతా చెప్పింది.

లోవమ్మ వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. "మరి ఆ మూడుసార్లూ తప్పెవలిదమ్మా?"

"యంత్రానిదండీ."

"నాది కాదా?"

"కాదు. మీతో పోల్చి యంత్రాన్ని పరీక్షించాం. పోల్చేటప్పుడు మీరు ఒప్పు అనుకోవాలి. అలాగే రాశాం."

ఇరవై రెండేళ్ళలో మాడిన ప్రతి పెనానికీ మాటపడింది లోవమ్మే. చెరకు చెడ్డదైనా ఆమెనే అన్నారు, మంట ఎక్కువైనా ఆమెనే అన్నారు. "ఎక్కడ రాసేరో సూపించు తల్లీ," అంది. హాసిని పన్నెండో పేజీ తీసి ఆ వాక్యం కింద వేలు పెట్టింది. చదవడం రాకపోయినా లోవమ్మ దాన్ని చాలాసేపు చూసింది. అందులో ఆమె పేరు లేదు. హాసిని రాసింది గానీ, పరికరాలకు కంపెనీ పేరే ఉండాలని పై ఆఫీసు కొట్టేసింది. ఆ సంగతి చెప్పి హాసిని నివేదిక మూసేసింది. లోవమ్మే, "పోనీలే, నాకెరిక కదా," అని టీ తెప్పించింది.

ఈ ఏడాది ఆ యంత్రాన్ని రావికమతంలో ధనరాజ్ అనే రైతు కొన్నాడు. కొత్త చెరకు దొరికినప్పుడల్లా యంత్రాన్ని సరిచేయాలని వాడుక పుస్తకంలో ఉంది. సరిచేయడానికి దేవీప్రసాద్ పంపింది లోవమ్మనే. ఆమె అక్కడ రెండు రోజులుండి, ఉండలు చేసి, చప్పుళ్ళు విని, ధనరాజ్ కొడుకు చేత అంకెలు మార్పించింది. మూడో రోజు పొద్దున్న ఆమె నోరు తెరవకముందే యంత్రం కూసింది. పాకం కుదిరింది.

"ఈ మెషిను ముందు మనుసులేటి పనికొత్తారు," అన్నాడు ధనరాజ్, మెచ్చుకోలుగా దాన్ని తడుతూ.

లోవమ్మ కాదనలేదు. "మెల్లిగా తట్టు బాబూ, వేడిగుంది," అని చెప్పి, అనకాపల్లి బస్సు ఎన్నింటికో అడిగింది.